సిద్దిపేటలో ఒక ఫుట్‌పాత్ కోసం

సిద్దిపేట వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా తణుకులో అందరూ ఒకటే అడుగుతున్నారు, ఏం చూశావని. చెరువు మీద వేలాడే వంతెన ఎక్కావా, గొల్లభామ చీర తెచ్చుకున్నావా అని. వంతెన ఎక్కలేదు. చీర తెచ్చుకున్నాను. అదైనా కొట్టులోకి వెళ్ళి ఎంచుకున్నది కాదు, నేను కారులో కూర్చుంటే వాళ్ళే బయటికి తెచ్చి చూపించారు. అసలు వెళ్ళింది ఒక ఫుట్‌పాత్ చూడటానికని చెబితే నమ్మడం లేదు. అంత దూరం ఫుట్‌పాత్ కోసం ఎవరైనా వెళతారా అని పక్కింటి పిన్నిగారు నవ్వేసింది కూడా.

వెళతారు. పాతికేళ్ళ వయసులో డాబా మీంచి పడి, అప్పట్నుంచి చక్రాల కుర్చీలో తిరుగుతున్న మనిషి వెళుతుంది. ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న మందుల షాపుకు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తోడు లేకుండా వెళ్ళలేకపోయిన మనిషి తప్పకుండా వెళుతుంది.

నేను ఇంట్లో పిల్లలకు లెక్కలు చెబుతాను. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఫోనే నాకు ఊరు. అందులో మాలాంటి వాళ్ళ గుంపు ఒకటి ఉంది. అక్కడ ఎవరూ రాయరు, మాట్లాడి పంపుతారు, సగం మందికి చూపు లేదు కాబట్టి. స్వరూప అలాగే పరిచయమైంది. పుట్టుకతోనే చూపు లేదు. సిద్దిపేటలో ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. రోజూ తెల్లకర్రతో నడిచే వెళ్ళేది. మేమిద్దరం ఒకరినొకరం కలుసుకోకుండానే మూడేళ్ళు మాట్లాడుకున్నాం.

సంక్రాంతి అయ్యాక ఒకరోజు ఆమె గొంతు మారిపోయి వచ్చింది. "అక్కా, ముందటి పన్ను ఇరిగింది. రోడ్డు మీద పడితే నాదే తప్పు అందురు. ఫుట్‌పాత్ మీద పడితే ఎవల తప్పు?"

వాళ్ళ వీధిలో కొత్తగా వేసిన ఫుట్‌పాత్ మీద, మూత లేని గుంటలో పడిందట. భర్త ఇక ఉద్యోగం మానేయమంటున్నాడట. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ ఫుట్‌పాత్‌లో వీధి మూల పని ఇంకా మిగిలే ఉంది, ఇంజినీరు వచ్చి చూస్తానన్నాడు. ఒకసారి సిమెంటు పడితే మళ్ళీ పగలగొట్టేవాడు ఉండడు. "నువ్వు కుర్చీల, నేను కర్రతోని, ఇద్దరం ఆయన ముందట నడిస్తె అర్థమైతది" అంది. మా తమ్ముడు రవి వారం రోజులు సెలవు పెట్టి కారు తీశాడు.

గజ్వేల్‌లో టీ

హైదరాబాదు దాటాక గజ్వేల్‌లో ఆగాం. కూరగాయల మార్కెట్‌కు వచ్చిన బండ్లతో రోడ్డు నిండిపోయి ఉంది. హోటల్‌కు నాలుగు మెట్లు. రవి చొక్కా చేతులు మడుచుకుంటూ, ఎప్పుడూ అనేదే అన్నాడు: "ఎత్తేద్దాంలే అక్కా."

ఈ మాటంటే నాకు మంట. వాడి మంచితనం మీద కాదు, ఆ మాట మీద. ఎత్తడానికి వాడు చాలకపోతే పక్కన టీ తాగేవాళ్ళు గ్లాసులు దించి వస్తారు. ఒకాయన వెనక చక్రం పట్టుకుంటాడు, ఒకాయన నా మోచెయ్యి పట్టుకుంటాడు, ఇంకొకాయన ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఎక్కడో పట్టుకుంటాడు. నన్ను ఎత్తడానికి పదిమంది ఎప్పుడూ సిద్ధమే. ఆ పదిమందిలో ఒక్కడు కూడా మెట్ల పక్కన కాస్త సిమెంటు పోద్దామని అనడు.

నేను కారులోనే తింటానన్నాను. హోటలామె మిర్చి బజ్జీలు, టీ తనే పట్టుకొచ్చింది. వచ్చి, తలుపు మీద చెయ్యి వేసి, సూటిగా నన్నే అడిగింది: "కాళ్ళకేమైంది బిడ్డా?" మా వైపు అలా అడగరు. మర్యాద ఎక్కువ. నేను అక్కడే ఉండగా రవిని పక్కకు పిలిచి, "ఆవిడకేమైందండీ?" అని గుసగుసగా అడుగుతారు. ఈమె అడిగింది, విన్నది, "అయ్యో" అన్నది, ఇంకో బజ్జీ వేసింది. ఆ బజ్జీకి డబ్బులు తీసుకోలేదు. పచ్చిమిర్చిలో వాము పెట్టడం మాకూ అలవాటే గానీ ఇక్కడి కారానికి నా కళ్ళు చాలాసేపు ఆరలేదు.

స్వరూప ఇల్లు

మేం వెళ్ళేసరికి చీకటి పడుతోంది. స్వరూప వాళ్ళ గడప ముందు ఒక చెక్క పలక వాలుగా వేసి ఉంది. ఆమె భర్త శ్రీశైలం, మేం వస్తున్నామని ఎక్కడో అడిగి తెచ్చాడట. మహారాష్ట్రలోని భీవండిలో మగ్గాల మీద చాలా ఏళ్ళు పని చేసి, పెళ్ళయ్యాక తిరిగొచ్చి ఇక్కడే బట్టల కొట్టులో కుదురుకున్న మనిషి. తక్కువ మాట్లాడతాడు. నేను అలవాటు కొద్దీ "శ్రీశైలంగారూ" అంటే ఇబ్బందిగా నవ్వి, "గారు అంటే నన్నేదో ఆఫీసరు అనుకుంటరు వదినె, ఒట్టిగ పిలువున్రి" అన్నాడు.

స్వరూప నా చేతులు పట్టుకుంది, తర్వాత కుర్చీ చేతులు తడిమింది, చక్రాలు తడిమింది. "గిది ఇంత వెడల్పా?" అని ఆశ్చర్యపోయింది. ఫోన్లో నేనెప్పుడూ చెప్పలేదు. నవ్వినప్పుడు విరిగిన పన్ను కనిపించింది.

రాత్రికి సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నె అడుగున అద్ది, వేళ్ళతో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేస్తుంది. కాలిందీ లేనిదీ వాసనతో తెలుసుకుంటుంది. పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. మా పులుసు కాచి కాచి చిక్కబెట్టేది, వాళ్ళది పొయ్యి ఎక్కనే ఎక్కదు. రవి మూడుసార్లు పోయించుకున్నాడు.

తిన్నాక శ్రీశైలం చెప్పుకొచ్చాడు. ఆమె పడ్డ రోజు ఎవరో ఫోన్ చేస్తే పరుగెత్తాడట. గుంట పక్కన కూర్చుని ఉంది, చీర నిండా బురద, నోటి నిండా రక్తం, ఎవరో మొహాన నీళ్ళు కొడుతున్నారు. అప్పట్నుంచి బండి మీద తనే దింపుతున్నాడు. అందువల్ల కొట్టుకు రోజూ ఆలస్యం, యజమాని రోజూ మాట. ఆ గుంటకు ఇప్పుడు మూత వేశారు. ఈ గుంట కాకపోతే ఇంకో గుంట అంటాడు అతను. ప్రస్తుతం పన్ను పేరు చెప్పి ఆమె సెలవులో ఉంది. సెలవు అయ్యేలోగా తేలాలి, ఉద్యోగమా ఇల్లా అని.

స్వరూప లేచింది. గిన్నెలు గట్టిగా పెట్టింది.

గట్టు మీద ఆమె, కింద నేను

మర్నాడు ఇంజినీరు రావాలి. రాలేదు. ఏదో మీటింగుకు వెళ్ళాడట, సోమవారం వస్తాడట. ఫోన్లో ఆ మాట విన్నాక ఊరుకోలేక, మేమిద్దరమే ఆ వీధి చూడటానికి బయల్దేరాం.

చెప్పుకోవాలి, ఊరు శుభ్రంగా ఉంది. మా ఊళ్ళో డ్రైనేజీ పక్కన ముక్కు మూసుకోవడం నేర్చుకున్న నాకు ఆ వీధి ఊడ్చిన వాకిలిలా అనిపించింది. ఫుట్‌పాత్ కూడా కొత్తది, రంగు రంగుల ఇటుకలు, మధ్యలో పసుపు టైల్స్ వరస. ఫొటో తీస్తే బ్రహ్మాండం.

కానీ ఆ ఫుట్‌పాత్ నా మోకాలి ఎత్తున ఉంది. నేను ఎక్కడ ఎక్కాలి? వీధి మొదట్లో ఒక్కచోట వాలు పెట్టారు. బైకులు ఎక్కకుండా ఆ వాలుకు అడ్డంగా ఇనుప గొట్టాలు పాతారు. వాటి మధ్య నుంచి సన్నగా ఉన్న మనిషి పక్కకు తిరిగి వెళ్ళాలి. నా కుర్చీ వెళ్ళదు. బైకులు మాత్రం, నేను చూస్తుండగానే, పక్క దుకాణం మెట్టు మీంచి ఎక్కి ఫుట్‌పాత్ మీద దర్జాగా వెళ్ళాయి. అలా వెళ్ళిన ఒకాయన హారన్ కూడా కొట్టాడు, స్వరూప తప్పుకోవాలని.

కాబట్టి ఆమె గట్టు మీద, నేను కింద రోడ్డు మీద. ఆటోలు నా మోచేతిని రాసుకుంటూ పోతుంటే, మేము మెడలు వంచుకుని మాట్లాడుకున్నాం. ఆ పసుపు టైల్స్ ఎందుకో ఆమె చెప్పింది. నిలువు గీతలున్న టైలు కాలికి తగిలితే ముందుకు వెళ్ళమని, చుక్కలున్నది తగిలితే ఆగమని. ఇక్కడ వేసినవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అందం కోసం నాలుగు గీతల టైల్స్‌కు ఒక చుక్కల టైలు చొప్పున పూలదండలా గుచ్చుకుంటూ పోయారు. స్వరూప ప్రతి నాలుగు అడుగులకూ ఆగుతుంది, ఎందుకు ఆగానా అని కర్రతో వెతుకుతుంది, ఏమీ ఉండదు. అసలు ఆగాల్సిన చోట, కరెంటు స్తంభం దగ్గర, గీతలు స్తంభంలోకే వెళ్ళాయి.

వీధి మూల నుంచి నాలుగు దుకాణాలు దాటితే స్తంభం. ఆ నాలుగింటిలో రెండోది రాజిరెడ్డి ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. ఎర్ర కుర్చీలు, నీలం కుర్చీలు, బకెట్లు ఆ పసుపు వరస మీదే తీర్చినట్టు పేర్చి ఉన్నాయి. గీత ఉంటే సర్దడం తేలికట. మమ్మల్ని చూడగానే గల్లా వదిలి వచ్చి, స్వరూప చెయ్యి పట్టుకుని కుర్చీల చుట్టూ తిప్పి అవతల దింపాడు. మంచి మనిషి. కుర్చీలు కాస్త లోపలికి జరపొచ్చు కదా అన్నాను. ఆయనకు నిజంగా అర్థం కాలేదు. "చెల్లె వచ్చుడు నాకెర్కనే గద, నేనే చెయ్యి వట్టి దాటిస్త. జరుపుడెందుకు?" అన్నాడు.

స్వరూప నవ్వుతూనే అంది. "అన్నా, నీ దుకాణం బంద్ ఉన్ననాడు నాకేం ఫికర్ లేదు. నువ్వు తెరిచిననాడే ఫికర్."

ఆయన కూడా నవ్వాడు. కుర్చీలు జరగలేదు.

కొమురవెల్లిలో పసుపు

ఆదివారం ఇంట్లో కూర్చుని ఏం చేస్తామని కొమురవెల్లి బయల్దేరాం. ఉగాది దాకా అక్కడ ఆదివారాలు జాతరే. స్వరూప, శ్రీశైలం గుట్ట మీది గుడికి వెళ్ళారు. ఆ జనంలో నేను కింద నుంచే మల్లన్నకు దండం పెట్టుకుని, రవితో వీధుల్లో తిరిగాను.

అక్కడ మొక్కున్నవాళ్ళు పట్నం వేయిస్తారు. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ, తెలుపు పొడులతో నేల మీద పెద్ద ముగ్గు, దాని చుట్టూ కూర్చుని ఒగ్గు పూజారులు డోలు వాయిస్తూ కథ చెబుతారు. ఒక కుటుంబం కిరాయికి తీసుకున్న గది ముందు పట్నం సగం వేయించుకుని ఉంది. రవి ఫోన్ చూసుకుంటూ కుర్చీ తోస్తున్నాడు. నేను అరిచేలోపు ఒక చక్రం పట్నం అంచు మీద ఎక్కి దిగింది. పసుపు గీత చెదిరిపోయింది. డోలు ఆగింది.

నేల చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. ఆ కుటుంబంలో పెద్దావిడ, మర్కూక్ దగ్గరి రైతుల ఇల్లట వాళ్ళది, లేవకుండానే రవిని మందలించింది. ఫోన్లో కళ్ళు పెట్టి మనిషిని తోలుతారా అని. పూజారి చెదిరిన చోట మళ్ళీ పసుపు వదిలాడు. నేను వెళ్ళబోతే ఆవిడ కూర్చోమంది. మల్లన్నకు పెట్టిన బోనం అన్నం, బెల్లం ఆకులో పెట్టించింది.

మీరు పైకి వెళ్ళలేదా అని అడిగాను. ఆవిడ మోకాళ్ళు చూపించింది. "నిరుడు నా కొడుకులు ఎత్తుకపోయిన్రు. వాళ్ళ నడుములు వట్టినయి, నాకు సిగ్గయింది. అందరు దేవుణ్ణి చూసుడు ఇడిసిపెట్టి నన్నే చూసిన్రు. ఈయేడు కిందనే ఉంట అన్న."

ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయిన మాట అది. రవి పక్కనే నిలబడి విన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎక్కడ ఆగినా ఎత్తేద్దామనలేదు.

ఇంజినీరు సారు వచ్చిన రోజు

సోమవారం ఇంజినీరు నిజంగానే వచ్చాడు. చిన్న వయసు, మర్యాదస్తుడు. అసలు సమస్య మర్యాదే. ఏది చెప్పినా ముందు సరేనన్నాడు. స్తంభం జరపాలంటే అది కరెంటు వాళ్ళ చేతిలో ఉందన్నాడు. టైల్స్ మార్చాలంటే మంజూరు కావాలన్నాడు. ఇనుప గొట్టాలు తీస్తే దుకాణదారులు గొడవ చేస్తారన్నాడు. అన్నిటికీ తల ఊపుతూనే కాదన్నాడు. చివరికి మిగిలింది ఆ మూల ఒక్కటే.

ఆ రోజు స్వరూప పళ్ళ డాక్టరు దగ్గర ఆలస్యమై ఇంకా రాలేదు. ఇంజినీరుకు ఇంకో చోటికి పోవాలి. నేను ఆగలేదు. మూల దగ్గర రోడ్డుకు రెండు పక్కలా గట్టు మొత్తం తీసేసి, రోడ్డుకు సమానంగా, నున్నగా వాలు పెట్టమన్నాను. మధ్యలో మెట్టు, పట్టీ ఏదీ ఉండకూడదన్నాను. "మీరు చెప్పినట్టే చేపిస్త మేడం, ఒక పూట పని" అన్నాడు. ఆశ్చర్యం, చేయించాడు కూడా. పనివాళ్ళు మధ్యాహ్నానికే గట్టు పగలగొట్టారు.

మర్నాడు సిమెంటు ఆరాక నా చేతులతో నేనే చక్రాలు తిప్పుకుంటూ ఆ వాలు ఎక్కాను. కింద నుంచి పైకి, ఎవరూ ముట్టుకోకుండా. పైకి వెళ్ళి, వెనక్కి దిగి, మళ్ళీ ఎక్కాను. రాజిరెడ్డి దుకాణం ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. రవి ఫొటోలు తీశాడు. ఆ రాత్రి జొన్నరొట్టె, కోడికూర నాకు ఎంత రుచిగా ఉన్నాయో చెప్పలేను. స్వరూపకు నా గొప్ప వర్ణించి వర్ణించి చెప్పాను. తనూ సంబరపడింది. రేపు ఒంటరిగా నడిచి చూపిస్తానని భర్తతో అంది.

నా దారి, ఆమె గోడ

పొద్దున స్వరూప ఆఫీసు వేళకే బయల్దేరింది, మునుపు రోజూ వెళ్ళినట్టే. శ్రీశైలం వెనక దూరంగా వస్తున్నాడు. మూల అవతల నేనూ రవీ ఎదురు చూస్తున్నాం. కర్ర ఆడిస్తూ చురుగ్గా వస్తోంది, తల ఎత్తి, చాలా రోజులకు ఒంటరిగా బయటపడిన మనిషిలా. వాలు దగ్గరికి వచ్చింది. ఆగలేదు. అదే నడకతో వాలు దిగి, రోడ్డు మీదికి, రోడ్డు మధ్యకు వచ్చేసింది.

నేను అరిచాను. పాల వ్యాను డ్రైవర్ బ్రేకు తొక్కాడు. బండి ఆమెకు తగల్లేదు. కర్ర ముందు చక్రం కింద పడి విరిగింది. శ్రీశైలం ఎలా వచ్చాడో తెలియదు, ఆమె భుజాలు పట్టుకుని పక్కకు లాగాడు. డ్రైవర్ కిందికి దిగి, తిట్టబోయి, ఆమె కళ్ళు చూసి, తిట్టకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాం. నేను ఏదో అనబోతే ఆపింది.

"అక్కా, గా గట్టు నీకు అడ్డం. నాకు గదే గోడ. కర్ర దానికి తాకితే ఫుట్‌పాత్ అయిపోయింది, ఆగాలె అని తెలుస్తది. నువ్వు దాన్ని నున్నగ చేపిచ్చినవ్. రోడ్డు మీదికి వచ్చినట్టే నాకు తెల్వలే." మళ్ళీ అంది. "నేను వచ్చేదాంక ఆగకపోతివి. నన్ను అడగకపోతివి."

అడగలేదు. మూడేళ్ళ స్నేహంలో నేను ఆమె నడిచే విధం గురించి ఒక్క ప్రశ్న వేయలేదు, మా బాధ ఒకటేనని అనుకున్నాను. చూపున్నవాళ్ళు, కాళ్ళున్నవాళ్ళు మమ్మల్ని అడగకుండా కట్టారని ఊరంతా తిట్టుకుంటూ తిరిగినదాన్ని, నేను చేసిందీ అదే.

శ్రీశైలం గడపలో నిలబడి మెల్లగా అన్నాడు. "ఇగ చాలు. పన్ను పోయింది, కర్ర పోయింది. ఇంకేం పోవాలె?"

ఆ పూట అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు. రవి సంచి సర్దుదామా అన్నట్టు నా వైపు చూశాడు. తిరిగి వెళ్ళిపోవడం తేలికే. ఆ వాలు మాత్రం అక్కడే ఉంటుంది, అదీ నా సలహాతో.

చుక్కల టైల్స్

సాయంత్రం స్వరూపే నా దగ్గరికి వచ్చి కూర్చుంది. గట్టు తిరిగి కట్టమనడం లేదంది. కడితే నేను కింద ఉంటాను, తీస్తే తను రోడ్డు మీద ఉంటుంది, ఇద్దరికీ పనికొచ్చేది ఒకటే ఉంది. వాలు మొదలయ్యే చోట అడ్డంగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, చుక్కల టైల్స్. అవి పాదానికి తగిలితే తను ఆగుతుంది. నా చక్రాలకు కాస్త గడగడ, అంతే.

ఇంజినీరుకు ఫోన్ చేశాం. పాపం, పాల వ్యాను సంగతి అప్పటికే అతని చెవిన పడింది, గొంతులో భయం ఉంది. కానీ చుక్కల టైల్స్ ఇప్పుడు లేవన్నాడు. తెప్పించాలంటే మళ్ళీ మంజూరు, ఎప్పటికో తెలియదు.

స్వరూప ఫోన్ తీసుకుంది. "సారు, టైల్స్ కొత్తయి ఎందుకు? వీధి పొడుగూత ఉత్తగ పెట్టినయి ఉన్నయి గద. ఆగద్దన్న కాడ ఆగుమంటున్నయి. గవి పీకి గీడ పెట్టున్రి."

అతను ఎన్ని కావాలో అడిగాడు. తర్వాత సరేనన్నాడు.

మర్నాడు పొద్దున పనివాళ్ళు వచ్చారు. స్వరూప చెప్పులు విప్పి ఫుట్‌పాత్ మీద నడుస్తూ పనికిరాని చుక్కల టైల్స్ చూపించింది, వాళ్ళు తవ్వి తీశారు. రాజిరెడ్డి దుకాణం ముందుకు వచ్చేసరికి కుర్చీలు జరపక తప్పలేదు. ఆయన చాలా గొణిగాడు. బేరం వేళ ఇదేం పని అన్నాడు, పైన ఎవరెవరు తనకు తెలుసో చెప్పాడు. శ్రీశైలం వెళ్ళి కుర్చీల దొంతర ఎత్తి లోపల పెట్టడం మొదలుపెట్టాడు. అది చూసి రవి వెళ్ళాడు. రెండు దొంతరలు అయ్యాక రాజిరెడ్డి కూడా బకెట్లు అందుకున్నాడు.

టైల్స్ పరిచారు. మేస్త్రీ ముందు వాలుకు సగం దాకానే వేసి అయిపోయిందన్నాడు. మిగతా సగంలోంచి ఆమె నడిచి వెళ్ళిపోదా అని నేను గొడవపడ్డాను. టైల్స్ సరిపోవన్నాడు. స్వరూప ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పింది. అతను తల పట్టుకున్నాడు, కానీ తెచ్చాడు. తర్వాత ఒక టైలు లోపలికి దిగిపోయిందని ఆమె పాదంతో నొక్కి చెప్పింది, అది పీకి మళ్ళీ వేశాడు. తిట్టుకుంటూనే వేశాడు, మేమూ వినపడనట్టే ఉన్నాం. ఇనుప గొట్టాల్లో ఒకటి తీయమని అడిగితే మాత్రం పని ముగించుకుని వెళ్ళిపోయారు. ఆ గొట్టాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

నాలుగు దుకాణాలు

మా ప్రయాణం రోజు పొద్దున స్వరూప కొత్త కర్రతో బయల్దేరింది. ఆఫీసుకే. సెలవు అయిపోయింది. ఈసారి నేను మూల అవతల కాదు, ఆమె ఉన్న వైపే, కాస్త వెనకగా ఉన్నాను. పాదం చుక్కల మీద పడింది. ఆగింది. తల పక్కకు వంచి విన్నది. ఒక ఆటో పోయింది, ఒక బైకు పోయింది. అప్పుడు దాటింది. నేను వెనకే వాలు దిగి, రోడ్డు దాటి, అవతలి వాలు ఎక్కాను. చక్రాలు చుక్కల మీద గడగడలాడి పళ్ళు కదిలాయి. ఎక్కాక ఆమె పక్కకు చేరాను.

అక్కణ్ణుంచి నాలుగు దుకాణాలు పక్కపక్కన వెళ్ళాం. ఆమె కర్రతో, నేను చక్రాలతో. ఎవరూ తోయలేదు, ఎవరూ పట్టుకోలేదు. రాజిరెడ్డి కుర్చీలు సగం లోపల, సగం బయట ఉన్నాయి, మాకు దారి చాలింది. ఏదో గొప్పగా మాట్లాడుకోలేదు. తణుకు వెళ్ళాక పచ్చిపులుసు చేస్తే బెల్లం తక్కువ వేయమని చెప్పింది, అంతే.

తర్వాత స్తంభం వచ్చింది. ఆమె కర్రతో దాన్ని తాకి, పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయింది. నా కుర్చీ పట్టలేదు. ఆ చివర దిగడానికి వాలు లేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగి, నాలుగు దుకాణాలూ మళ్ళీ దాటి, ఎక్కిన చోటే దిగాల్సి వచ్చింది. దేశంలో ఎక్కడికి పోయినా నాకు ఇదే, ఎక్కించినవాళ్ళు దిగేది ఎట్లాగో ఆలోచించరు.

మూల దగ్గర శ్రీశైలం బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె ఆఫీసు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు. ఆ స్తంభం ఎప్పుడు తీస్తారని నన్ను అడిగాడు. ఎవరికీ తెలియదని చెప్పాను. ఉద్యోగం మానేయమనే మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికొచ్చిన వారానికి స్వరూప ఫోన్లో మాట్లాడి పంపింది. రోజూ నడిచే వెళుతోందట. స్తంభం అలాగే ఉందట. టిఫిన్ బండి ఒకటి వాలు మీద పెడుతున్నారట, రోజూ కొట్లాడుతోందట. చివర్న గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయన రోజు మూల మీద నిలబడుతుండు అక్కా. నాకు తెల్వదనుకుంటుండు. ఆయన బండి సప్పుడు నాకు తెల్వదా? చెప్పలే. నిలబడనియ్యి. పట్టుకుంటలేడు గద."